ఒకే కాగితం మీద ఇద్దరు

మా పెద్దమ్మకు ఉత్తరం వచ్చిందంటే ఇంట్లో ఎవరూ నోరెత్తకూడదు. కుక్కర్ కూత పెట్టినా తిట్లు నాకే. నేను ఆమె చెల్లెలి కూతుర్ని, చిన్నప్పటినుంచీ ఆ ఇంట్లోనే పెరిగాను. ఉత్తరం రాసేది కాజాలత్త. పెద్దమ్మ టైలరింగ్ షాపులో చొక్కాలకు కాజాలు కుట్టిన మనిషి కాబట్టి వీధి మొత్తానికీ ఆ పేరే.

పెదనాన్న పోయినప్పుడు మెషిన్లు అమ్మేసుకోమని బంధువులంతా సలహా ఇచ్చారు. సలహాకేం, ఊరికే వస్తుంది కదా! కాజాలత్త మాత్రం పొద్దున్నే వచ్చి షట్టరెత్తి, నేల ఊడ్చి, ఇస్త్రీపెట్టె వేడి చేసి, "వదినా, రేపు ఇవ్వాల్సిన చొక్కాలున్నాయి. ఏడుస్తూనే కుట్టు" అంది. అలా ఏళ్లకేళ్లు గడిచాయి. షాపు నడిచిన ఆ ఇంటి ముందుగది ఇప్పటికీ నా కళ్లకు కట్టినట్టే ఉంది: తడిబట్ట మీద ఇస్త్రీ వాసన, కాళ్లకు చుట్టుకునే దారప్పోగులు, ఎదురెదురుగా ఇద్దరూ. షాపులో మనుషులుండగా పోట్లాడుకుంటే బాగుండదని, కొలతల కాగితం మీద తిట్టు రాసి ఒకరు తోసేవారు. దాని కిందే జవాబు రాసి రెండోవారు వెనక్కి తోసేవారు. చదివి ఇద్దరూ మూతి బిగించి నవ్వాపుకునేవారు. అంత హాయిగా పోట్లాడుకున్న మనుషుల్ని నేను మళ్లీ చూడలేదు.

మోకాళ్లు అరిగి కాజాలత్త వేరే ఊళ్లో తమ్ముడింటికి వెళ్లిపోయాక కూడా అదే వరస. ఒకే కాగితం పోస్టులో అటూ ఇటూ తిరిగేది. అత్త వదిలిన ఖాళీల్లో పెద్దమ్మ రాసేది, నిండేదాకా. ఫోన్ చెయ్యొచ్చుగా అంటే, "ఫోన్లో తిడితే దాని మరదలు వింటుందే! పరువేం కాను?" అనేది.

కిందటేడు పెద్దమ్మ చూపు మసకబారింది. ఇక మెరుగవదని డాక్టరు తేల్చేశాడు. నేను చదివి పెడతానన్నాను.

"మా ఇద్దరి మధ్య నీ నోరెందుకు?" అని కసిరింది.

పోనీ సంగతి అత్తకు రాయమన్నాను.

"రాస్తే రెక్కలు కట్టుకుని వాలుతుంది. జన్మంతా నాతోనే అరిగిపోయింది. తమ్ముడి పిల్లల మధ్య ఇప్పుడిప్పుడే కాస్త కాళ్లు చాపుకుంది. నువ్వు గానీ నోరు జారావో, నాలుక కోస్తా!"

నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. మొండికి మందెక్కడుంది? భూతద్దం పట్టుకుని, కాగితాన్ని ముక్కుకు ఆనించుకుని తనే రాసి, తనే కవరు అంటించింది. నేను పోస్టులో వేసి వచ్చాను.

వారం తిరక్కుండానే వాకిట్లో కారు ఆగింది. కర్ర పోటేసుకుంటూ కాజాలత్త దిగింది. చేతిలో ఆ కాగితమే. పెద్దమ్మ రాసిందంతా అత్త అక్షరాల మీదే పడింది. ఒక్క ముక్క చదవడానికి లేదు.

"ఎన్నాళ్ల నుంచి వదినా?" అంది అత్త, గడప దాటకుండానే.

"ఏంటే?"

"కళ్లు."

పెద్దమ్మ నా వైపు తిరిగి నోరు తెరిచింది.

"దాన్నేమీ అనకు. నీ రాతే చెప్పింది."

"నిన్నెవరు రమ్మన్నారు? పో. వెళ్లి సుఖంగా ఉండు."

"సుఖమా! అక్కడ అందరూ నాతో మర్యాదగా మాట్లాడతారు వదినా. తిట్టే దిక్కే లేదు."

పెద్దమ్మ చేతులు చాచి, గాలిలో తడుముకుని, అత్త మొహం పట్టుకుంది. బుగ్గలు, దవడలు, మెడ తడిమింది.

"ఓసి దొంగా, ఇంత చిక్కిపోయావేంటే? ఆ ముక్క ఒక్కసారైనా రాశావా నాకు?"

"నువ్వు రాశావా?" అంది అత్త.