పాత కమాను మీద మా అమ్మ బండి

నా చిన్నప్పుడు, నాకు ఎనిమిదేళ్లు ఉంటాయేమో, నొప్పులు పడుతున్న మా అమ్మను ఎద్దులబండిలో జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపోతుంటే వంక అడ్డమొచ్చింది. ముందురోజు వానకు నీళ్లు ఎర్రగా పారుతున్నాయి. దాటడానికి రెండు దారులు. ఒకటి, గోడల మీద పొడవాటి బండలు పరిచిన కొత్త వంతెన. ఇంకొకటి, రాళ్లను విల్లులా వంచి పేర్చిన పాత కమాను. దాని సున్నం రాలిపోయి సందుల్లో గడ్డి మొలిచింది. చూస్తేనే నాకు భయమేసింది.

"బండల మీదే పోదాం. మన మిద్దెలన్నీ మోసేది ఈ బండలే గదా" అన్నాడు మా నాయన.

మా జేజినాయన, అంటే మా నాయనకు నాయన, మిద్దెలకు బండలు పరిచే మనిషి. వంగి, నడిమి బండను చేతికర్రతో కొట్టాడు. గట్టి బండ ఖంగుమంటుంది. ఈ బండ డొల్లగా పలికింది.

"మిద్దె మీద ఎద్దులబండ్లు తోల్తారా? బరువు పడితే బండ అడుగు సాగుతాది. రాయి నొక్కుడుకు ఓర్చుకుంటాది, లాగుడుకు ఓర్చుకోదు. ఇది అప్పుడే చీలింది" అని కమాను వైపు నడిచాడు.

నేను ఏడుపు అందుకున్నాను. ఆయన తిట్టలేదు. మోకాళ్ల మీద కూర్చుని, నా అరచేతులను తన అరచేతులకు ఆనించి, ముందుకు వాలమన్నాడు. కలిసిన మా చేతులను పైనుంచి అదమమని నాయనకు చెప్పాడు. అదిమేకొద్దీ మా చేతులు బిగుసుకున్నాయి గానీ, నా కాళ్లు వెనక్కి జారాయి.

"చూస్తివా, బరువుకు రాళ్లు బిగుసుకుంటాయి. కమానుకు చూడాల్సింది కాళ్లు."

"పాఠాలు తర్వాత చెబుదువులే మామా, ఈడ నా పానం పోతాంది" అంది అమ్మ బండిలోంచి.

ఆయన నడుము లోతు నీళ్లలోకి దిగి, అటూ ఇటూ కమాను మొదళ్లు చేత్తో తడిమాడు. మన్ను కోసుకుపోలేదని చూసుకుని పైకొచ్చి, ఎద్దుల ముందు నడిచాడు. చక్రాల కింద రాళ్లు కిర్రుమన్నాయి. సున్నం పొడి నీళ్లలో రాలింది. ఆయనా కాడిని గట్టిగా బిగించి పట్టుకోవడం నేను చూశాను.

అవతలికి చేరాం. సాయంత్రానికి చెల్లెలు పుట్టింది.

కాంక్రీటు వంతెనల అడుగున ఇనుప కమ్మీలుంటాయనీ, ఆ లాగుడును అవి ఓరుస్తాయనీ తర్వాత తెలుసుకున్నాను. తెలిసినా, ప్రొద్దుటూరు బస్సు పెన్నా వంతెన ఎక్కితే ఇప్పటికీ ముందు సీటును గట్టిగా పట్టుకుంటాను. భయం నన్ను వదల్లేదు. అయితే గట్టున నిలబడి భయపడొద్దని చెప్పేవాళ్ల మాట వినను. దిగి తడిమి చూసి వచ్చినవాళ్ల వెంట మాత్రం, వణుకుతూనే, నడుస్తాను.