మడత మీద వేలు

మా తోడల్లుడు పోయాడు. మా వైపు సడ్డకుడు అంటాం. నా భార్యకు సొంత అక్క భర్త. ఫోన్ వచ్చినప్పుడు నేను అమీర్‌పేటలో, నా కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో క్లాసు చెబుతున్నాను. "బావ పోయిండు. చాయ్ తాగి పేపర్ చదువుకుంట కూసున్నడంట, అట్లనే..." అంటూనే నా భార్య ఫోన్ పెట్టేసింది.

ఇలాంటివి రాసేవాళ్లు కబురు వినగానే కళ్లు చెమర్చాయని మొదలుపెడతారు. నాకూ చెమర్చాయి గాని, కొంచెం ఆలస్యంగా. ముందు వచ్చిన ఆలోచన వేరు. పంజాగుట్టలో ఆయన ఇంట్లో, టీవీ పైన, అద్దాల ఫ్రేములో ఉన్న ఆ పాత సినిమా పోస్టర్ ఇప్పుడు ఎవరికి పోతుంది? ఇదీ నా మొదటి ఆలోచన. మీరు తిట్టుకున్నా ఫరవాలేదు. ఆయనంటే నాకున్న కుళ్లు ఆయన పోగానే పోయేంత చిన్నది కాదు.

మా ఇద్దరికీ ఒకటే పిచ్చి, పాత పోస్టర్లు. ఆయనకు ఖైరతాబాద్‌లో సర్కారు నౌకరి. ఆఫీసు అయ్యాక పాత కాగితాల దుకాణాలన్నీ తిరిగేవాడు. నేనూ తిరిగేవాణ్ని. ఎప్పుడు వెళ్లినా "మీ అన్న ఇప్పుడే వచ్చి పోయిండు" అనేవాళ్లు. ఆ ఒక్క మాట ఎన్ని దుకాణాల్లో విన్నానో.

అప్పట్లో అమీర్‌పేట గోడలు కనపడేవి కావు, అన్నీ మా కోర్సుల పోస్టర్లే. ఆ కోర్సులు చదివి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు తెచ్చుకున్న పిల్లలు కొత్త ఫ్లాట్లు తీసుకుని, ఆ గోడలకు పాత సినిమా పోస్టర్లు కావాలనేవాళ్లు. పంజాగుట్టలో కొత్తగా తెరిచిన హోటళ్లకూ అవే కావాలి. గిరాకీ వచ్చాక నకిలీ రాకుండా ఉంటుందా? పాత పోస్టర్‌ను ఫొటో తీసి, కొత్తగా అచ్చేసి, టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టి అమ్మేవాళ్లు తయారయ్యారు. ఒకాయన అలాంటిది చుట్ట చుట్టుకుని మా తోడల్లుడి దగ్గరికి తెచ్చాడు. ఈయన విప్పను కూడా లేదు. ముక్కు దగ్గర పెట్టుకుని, "గిది పోస్టర్ కాదు భాయ్, ఇరానీ హోటల్," అని తిరిగి చేతికిచ్చాడు.

ఆయన పరీక్ష చేసే తీరు చూడాల్సిందే. నేల మీద ఉతికిన దుప్పటి పరవాలి. అందరూ మాటలు ఆపాలి. వంటింట్లో వదిన మిక్సీ ఆపాలి. చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు మూసుకుని పోస్టర్ మడత మీద చూపుడువేలు పెట్టేవాడు. ఆ కళ్లు మూసుకోవడం నాటకమని నా నమ్మకం. ఇప్పటికీ అదే అంటాను. కాని ఆ వేలు మాత్రం నిజంది.

ఆయన చెప్పింది ఇదీ. వెనకటి పోస్టర్లు సినిమా రీళ్లతో పాటు పెట్టెల్లో జిల్లాల థియేటర్లకు వెళ్లేవి. పెట్టెలో పట్టాలి గనక మడతపెట్టేవాళ్లు. సన్న కాగితం, మడత పడ్డచోట పీచు తెగుతుంది, రంగు రాలుతుంది. అక్కడ వేలు ఆగుతుంది. నకిలీ వాడు పోస్టర్‌ను ఫొటో తీసినప్పుడు మడత కూడా ఫొటోలో పడుతుంది. అందుకని కొత్తదాని మీద మడత కంటికి కనిపిస్తుంది గాని వేలికి తగలదు. "కన్నుకు తొందరెక్కువ తమ్మి. వేలు నిమ్మళంగ చూస్తది," అనేవాడు.

నాకూ ఒక విద్య ఉంది. భూతద్దం. కొత్త అచ్చులో రంగు సన్న చుక్కలు చుక్కలుగా ఉంటుంది. రాతి అచ్చు రోజుల పోస్టర్‌లో చుక్కలుండవు, సుద్దముక్కతో రుద్దినట్టు ఉంటుంది. ఎప్పుడూ జేబులో భూతద్దం పెట్టుకుని తిరిగేవాణ్ని. నా అద్దం ఎప్పుడూ తప్పు చెప్పలేదు. అయినా ఎవరూ నన్ను అడిగేవాళ్లు కాదు. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉండి నా దగ్గరే చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్న గుంటూరు అబ్బాయి ఒకడు స్వీట్ డబ్బాతో వచ్చాడు. కాళ్లకు దండం పెట్టాడు. మనసు నిండింది. "ఏంటి సార్, మీ అన్నయ్య గారు పోస్టర్లు చూసి చెప్తారంట కదా, ఆయన నంబర్ ఇస్తారా?" అన్నాడు. ఇచ్చాను. ఆ స్వీట్లు మాత్రం నేను ముట్టలేదు.

పంజాగుట్ట హోటల్ సంగతి ఇంకా మంట. రెండు కుటుంబాలం కలిసి భోజనానికి వెళ్లాం. గోడల నిండా పాత పోస్టర్లు. చేతులు కడుక్కునే చోట ఒకటుంది. నేను వెళ్లగానే భూతద్దం పెట్టి చూశాను, చుక్కల్లేవు. అసలుది. అమ్ముతారా అని ఓనర్‌ను మెల్లగా ఎలా అడగాలా అని ఆలోచిస్తూ వచ్చి కూర్చుని, ఏమీ ఎరగనట్టు బిర్యానీ వడ్డించుకున్నాను. ఆయన చేతులు కడుక్కోవడానికి లేచి, ఎంతకీ రాడే. చూస్తే కళ్లు మూసుకుని గోడ తడుముతున్నాడు. హోటలంతా అటే చూస్తోంది. ఓనర్ పరుగున వచ్చి, "ఏంటండీ, ఏం కావాలి?" అన్నాడు.

"ఏం వద్దు సార్. మీ గోడలకున్న వాట్ల అసలుది గిదొక్కటే. దీన్నే నీళ్లు వడే కాడ వెట్టిన్రు. జర అటు మార్చుకోండ్రి, ఖరాబైతది."

ఓనర్ ఆయనకు కుర్చీ వేసి, పక్కన కూర్చుని, మాకందరికీ ఖుబానీ కా మీఠా తెప్పించాడు. ఆ పోస్టర్‌ను ముందు చూసింది నేను. ఆ మాట ఆ టేబుల్ దగ్గర అన్నా నమ్మేవాళ్లెవరు? గొంతులో పడ్డ ఆ తీపి చేదుగా దిగింది.

ఇక అసలు సంగతికి వస్తాను. మా మామ సనత్‌నగర్‌లో ఉండేవాడు. వయసులో సినిమా కంపెనీకి రిప్రజెంటేటివ్‌గా ఊరూరా రీళ్ల పెట్టెలతో తిరిగిన మనిషి. ఆయన దగ్గర ఒక పాత జానపద సినిమా పోస్టర్ ఉండేది. కత్తి దూసిన రాకుమారుడు, వెనక నీలం కోట, పక్కన కళ్లు పెద్దవి చేసిన రాకుమారి. "ఒక్కటే మిగిలింది" అని తరచూ చెప్పుకునేవాడు. అల్లుళ్లం ఇద్దరం దానివైపు చూసిన చూపులు ఆయనకు తెలియకుండా ఉంటాయా?

మా అత్తగారింట్లో ఒక పద్ధతుంది. అల్లుళ్ల మధ్య తేడా రాకూడదు. దసరాకు పెట్టే షర్టు గుడ్డ ఒకే తానులోంచి చింపిస్తారు. అందువల్ల ప్రతి పెళ్లిలోనూ మేమిద్దరం బ్యాండు మేళం వాళ్లలాగా ఒకటే రంగులో తిరిగేవాళ్లం. ఒక దసరాకు గుడ్డలతో పాటు మామ రెండు కాగితాల చుట్టలు తెచ్చాడు. విప్పితే రెండూ అదే రాకుమారుడు, అదే కోట.

"రెండూ ఒకటే అల్లుడా. ఒక్క పెట్టెలనే వచ్చినయి," అన్నాడు మామ.

ఒక్కటే మిగిలిందన్నది రెండెలా అయింది? ఒకటి నకిలీ అని ఇద్దరికీ అర్థమైంది. పెద్దరికం ముందు ఎవరం నోరెత్తలేదు. పెద్దల్లుడు ముందు ఏరుకోవాలి, అదీ పద్ధతే. దుప్పటి పరిచారు. ఆయన కళ్లు మూసుకుని ఒకదాని మీద వేలు పెట్టాడు. తర్వాత రెండోదాని మీద. మళ్లీ మొదటిదాని మీద. అత్తమ్మ సకినాల పళ్లెం పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. మామ కళ్లద్దాలు తుడుచుకుంటూ కిందికి చూస్తున్నాడు. మా తోడల్లుడు కళ్లు తెరిచి, మామ వైపు ఒకసారి చూసి, రెండోదాన్ని చుట్టుకుని, "పెద్దోన్ని గద, నాకు గిది," అన్నాడు.

ఇంటికి వచ్చేటప్పుడు స్కూటర్ మీద నా భార్య ఆ చుట్టను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "బావకు తెల్వదా, మంచిదే తీస్కున్నడు," అంది. ఊరికే అంది. ఆ మాట నాకు ఇంటిదాకా వినిపిస్తూనే ఉంది.

ఆయన ఆ వారమే తనదాన్ని ఫ్రేము కట్టించి టీవీ పైన పెట్టాడు. పోస్టర్‌ను అద్దం వెనక బిగిస్తే దానికి ఊపిరాడదని అందరికీ చెప్పే మనిషి, దీనికి మాత్రం అద్దం బిగించాడు. ఎవరూ ముట్టకుండా దాచుకుంటున్నాడు అనుకున్నాను. నా వాటాకు వచ్చినదాని మీద నేను భూతద్దం పెట్టలేదు, వేలు పెట్టలేదు. పోయినవాడి నాడి చూస్తారా ఎవరైనా? ఎవరూ అడగకపోయినా ఊళ్లో వాళ్ల పోస్టర్లన్నీ పరీక్ష చేసిన నేను అదొక్కటి చూడలేదు. అమీర్‌పేటలో ఎవరైనా కాగితాన్ని కాపాడాలంటే చేసే పని ఒకటే ఉంది. పిల్లలు సర్టిఫికెట్లు పట్టుకుని వరసలో నిలబడే షాపుకు తీసుకెళ్లి, పెద్ద మెషీన్ మీద లామినేషన్ చేయించాను. తళతళలాడుతూ వచ్చింది. ఇన్‌స్టిట్యూట్ రిసెప్షన్‌లో పెట్టాను. ఎవరైనా మెచ్చుకుంటే, "ఇది డూప్లికేట్. అసలుది మా సడ్డకుని ఇంట్లో ఉంది," అని చెప్పేవాణ్ని. అలా చెప్పడం నాకే ఇష్టం లేదు. అయినా చెప్పేవాణ్ని.

మామ పోయాక, ఒకరోజు మధ్యాహ్నం మా తోడల్లుడు నా ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చాడు. అంతకు ముందెప్పుడూ రాలేదు. లోపలికి వస్తూనే ఆ పోస్టర్ ముందు ఆగిపోయాడు. చూపుడువేలు ఎత్తి ప్లాస్టిక్ మీద పెట్టి, పైనుంచి కిందికి జార్చాడు. ఆ రోజు కళ్లు మూసుకోలేదు.

"ఎప్పుడు చేయించినవ్ తమ్మి?"

"అప్పుడే అన్న. డూప్లికేటే గద, దుమ్ము వడకుండ ఉంటదని."

"మంచిగ చేసినవ్. తుడిస్తే సాఫైతది," అని జేబులోంచి రుమాలు తీసి ఒక మూల తుడిచాడు. చాయ్ చెప్పాను. చాయ్ అంటే ఎప్పుడూ కాదనని మనిషి, పనుందని వెళ్లిపోయాడు. లోపల నవ్వుకుంటూ పోతున్నాడనుకున్నాను. ఆ సాయంత్రమంతా నా భార్య మీద అకారణంగా విసుక్కున్నాను.

దశదినకర్మ అయ్యాక వదిన నన్ను పిలిచి, టీవీ పైన ఫ్రేము దించమంది. అక్కడ ఆయన ఫొటో పెట్టాలట. స్టూలు ఎక్కి దించాను. వెనక అట్టకు అంటించిన టేపు ఎండిపోయి ఊడి ఉంది. పోస్టర్ కాస్త బయటికి జారింది. అన్నేళ్లు నేను కుళ్లుకున్న కాగితం నా చేతిలో ఉంది. అలవాటు కొద్దీ మడత మీద వేలు పెట్టాను.

వేలు ఆగలేదు. తెల్లటి మడత కళ్ల ముందు స్పష్టంగా ఉంది, వేలికి మాత్రం ఏమీ తగల్లేదు. జేబులోంచి భూతద్దం తీశాను. చుక్కలు.

"వదినా, ఇది..."

"డూప్లికేటే," అంది వదిన. గోడకున్న మేకు వైపు చూస్తూ చెప్పింది. "నాయిన ప్రెస్సుల తెల్సినాయనతోని కొట్టిచ్చిండు, ఇద్దరల్లుళ్లకు తేడా రావద్దని. మీ అన్నకు వేలు వెట్టంగనే తెల్సింది. ఇంటికొచ్చినంక అడిగిన, ఎందుకట్ల చేసినవని. 'నా పెట్టె నిండ ఉన్నయి, తమ్మి తాన ఒక్కటన్న అసలుది ఉండనీ' అన్నడు. నాయిన ఇజ్జత్ పోతదని చెప్పొద్దన్నడు."

"మామ పోయినంకనన్న చెప్పొచ్చు గద వదినా."

"చెప్తననే మీ ఆఫీసుకొచ్చిండు," అంది వదిన. "వచ్చి రెండు రోజులు సక్కగ అన్నం తినలె. ఏమైందంటే, ఇగ చెప్పి ఏం ఫాయిద, తమ్మి బాధపడ్తడు అన్నడు."

నేను స్టూలు మీదే కూర్చుండిపోయాను. హోటల్లో వేలు పెట్టి వందమందికి చెప్పుకున్న మనిషి, చాయ్ వాసన మీద కూడా జోకులేసిన మనిషి, ఈ ఒక్కటి కడుపులో పెట్టుకుని పోయాడు. గొప్పలు చెప్పుకుంటాడనే కదా ఆయన మీద నాకు అంత మంట. ఇప్పుడు ఆ ఆసరా కూడా లేదు. నిజం చెబుతున్నాను, నాకు ఇప్పటికీ కుళ్లుగానే ఉంది. ఇంత మంచి పని ఆయనకు తోచింది, నాకైతే తోచేది కాదు. దుకాణాల్లో లాగే ఇక్కడికీ ఆయన ముందే వచ్చి పోయాడు.

ఆ పోస్టర్ నాకిమ్మని వదినను అడిగాను. తీసుకుపొమ్మంది. ఇన్‌స్టిట్యూట్‌కు సెలవిచ్చిన ఆదివారం రిసెప్షన్ గోడ మీది నుంచి నాదాన్ని దించి, నేల మీద ఉతికిన దుప్పటి పరిచి, రెండూ పక్కపక్కన పెట్టాను. ఇద్దరు రాకుమారులు, రెండు కోటలు. సబ్బుతో చేతులు కడుక్కుని, మోకాళ్ల మీద కూర్చుని, నేనూ కళ్లు మూసుకున్నాను. ఆయనదాని మీద వేలు జారిపోయింది. అక్కడ ఎప్పుడూ మడత లేదు. నాదాని మీద పెట్టాను. ఎన్నో ఊళ్లు పెట్టెలో తిరిగి తెగిన ఆ మడత వేడి మెషీన్ కింద అణిగిపోయి, ఇక ఊడని ప్లాస్టిక్ అడుగున ఎక్కడుందో తెలియడం లేదు. అక్కడా వేలు జారిపోయింది. రెండూ ఒకటే అల్లుడా అన్నాడు మా మామ.