వెనక సీటు లేని బండి

పోలియో వల్ల నా రెండు కాళ్లూ చిన్నప్పుడే చచ్చుబడ్డాయి. పొదిలికి దగ్గర్లో ఒక పల్లెటూరి బళ్లో టీచరుగా చేరేనాటికి నాకు ఇరవై దాటాయి. అన్నేళ్లలో ఒంటరిగా మా వీధి మలుపు కూడా దాటి ఎరగను. ఎక్కడికైనా నాన్న సైకిలు వెనకే. బడికీ అంతే. చేలో పత్తి తీసే ఆడవాళ్లు నడుం ఎత్తి చూసి, "అదిగో, టీచరమ్మని తెస్తన్నాడు" అనుకునేవాళ్లు, మిరపకాయల బస్తా ఏదో వస్తున్నట్టు! నాకు ఒళ్లు మండిపోయేది.

పాత స్కూటరొకటి కొని, వెనక అటూ ఇటూ చక్రాలు పెట్టిద్దామని నాన్నే అన్నాడు. అప్పుడు ఎనభైల్లో ఉన్నాం. అలాంటి బండి మా చుట్టుపక్కల ఎవరూ చూడలేదు. ట్రాక్టరు ట్రక్కులు చేసే వెల్డింగు షాపులో పని మొదలైంది. కాలి బ్రేకుకీ, కిక్కుకీ చేత్తో లాగే కడ్డీలు, చంకకర్రలు దూర్చుకోవడానికి పక్కన ఒక గొట్టం, అన్నీ నన్నడిగే చేశారు. వెనక సీటు సంగతి మాత్రం ఎవరూ అడగలేదు. బండి ఇంటికొచ్చాక చూస్తే ఇద్దరు దర్జాగా కూర్చునేంత సీటు!

"ఇదెవరికి?" అన్నాను.

"మాకేనే. నిన్నొక్కదాన్నే పంపుతామా?" అంది అమ్మ.

ఇక ఇంట్లో వంతులు మొదలయ్యాయి. పొద్దున నాన్న, సాయంత్రం అమ్మ. పక్కింటి అత్తమ్మ సంత రోజు తనకి ఖాయం చేసుకుంది. చర్చి ఆవరణలో నేను నేర్చుకున్నన్నాళ్లూ నాన్న వెనక కూర్చుని, నా భుజం పట్టుకుని "మెల్లిగా, మెల్లిగా" అంటూనే ఉన్నాడు. బండి నాదే, కానీ ఇల్లంతా నా వెనకే వచ్చేట్టుంది.

మార్చిన బండి కాబట్టి బ్రేకు ఇన్‌స్పెక్టరు గారు చూసి రాస్తేగానీ రోడ్డెక్కకూడదు. ఆయన బళ్లు పరీక్షించడానికి క్యాంపుకొచ్చిన రోజు అమ్మా నాన్నా నేనూ వెళ్లాం. ఆయన చక్రాలు ఊపి చూశారు, కడ్డీలు లాగి చూశారు, బాగుందన్నట్టు తలాడించారు. వెనక సీటు దగ్గర ఆగిపోయారు.

"ఇదెందుకండీ?"

"మేం కూర్చోటానికండీ," అన్నాడు నాన్న.

"కుదరదండీ. కాళ్లు లేనివాళ్ల బండి కింద రాయాలంటే ఒక్కళ్లే ఎక్కాలి. రెండో మనిషికి చోటుంటే నేను రాయను. సీటు పీకించెయ్యండి."

"ఆడపిల్లండీ. దారిలో ఆగిపోతే? ఒక్కత్తే ఎట్లా పోద్దండీ?"

"నన్నడిగితే ఎట్లాగండీ? రూలు."

నాన్న ముఖం వాడిపోయింది. కాసేపు సీటు మీద చెయ్యేసి నిలబడ్డాడు. "పదవే, మనకీ రిజిస్ట్రేషనొద్దు. సైకిలుందిగా," అన్నాడు.

నేను పుట్టి బుద్ధెరిగాక గవర్నమెంటు రూలు నా పక్షాన మాట్లాడటం అదే మొదలు. దాన్ని వదులుకుంటానా?

"నాన్నా, స్పానరు డిక్కీలో ఉంది. తియ్యి!"

నేననుకున్నదానికన్నా గట్టిగానే వచ్చింది గొంతు. తమ బళ్లు చూపించుకోడానికొచ్చిన లారీ డ్రైవర్లు ఇటు తిరిగారు. అయినా ఆగలేదు. "రోజూ నీ సైకిలెక్కుతుంటే నాకెంత సిగ్గో నీకు తెలీదు. దారిలో ఆగిపోతే ఆగిపోనీ. చేలల్లో మనుషుల్లేరా, ఒక తోపు తొయ్యరా?"

అమ్మ కళ్లొత్తుకుంది. నాన్న స్పానరు తీశాడు. గొంతుక్కూర్చుని నట్లు విప్పాడు. సీటు దింపి వేపచెట్టు కింద పెడితే, అమ్మ పోయి దాని మీదే కూర్చుంది.

"ఆ చివర పాతిన రాళ్ల దాకా పోయి రామ్మా," అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

కిక్కు కడ్డీ లాగి గేరేశాను. బండి కదిలింది. నాన్న వెనకే నాలుగడుగులు పరిగెత్తి ఆగిపోయాడు. నా భుజం మీద చెయ్యి లేదు. "మెల్లిగా" అనే గొంతు లేదు. భయం వేసింది, అబద్ధమెందుకు. దానికన్నా ఎక్కువగా సంతోషం వేసింది.

రాళ్లు చుట్టి తిరిగొస్తుంటే ఇన్‌స్పెక్టరు గారు చెయ్యి ఊపి, "చాలమ్మా, పాసయ్యావు, ఆపెయ్" అని కేకేశారు. నాకు బాగానే వినబడింది. ఆయన పక్కనుంచే పోనిచ్చి ఇంకో చుట్టు తిరిగాను.