గంగాధర మోసిన పదకొండు పుస్తకాలు

రాయచోటి గంగాధర కువైట్‌లో చేసే పని గురించి చెబితే ఖైతాన్ పేటలో అతనుండే గదిలోని వాళ్ళు పడీపడీ నవ్వేవారు. గాజుమూత ఉన్న చలిపెట్టెలో నీటిచుక్కలు పెట్టి, ఏ చుక్క ఎన్ని డిగ్రీల దగ్గర గడ్డకట్టిందో నోటుబుక్కులో రాయడం. ఇంత ఎండలోకొచ్చి చేసే పనా ఇది అనేవారు. అతనికి మాత్రం అదే గొప్ప.

ఆ గొప్ప నేర్పింది ల్యాబు పెద్ద, కాకినాడ అచ్చిబాబు గారు. "ధ్రువాల మీది మేఘాల్లో నీళ్ళు సున్నాకి దిగ్గానే మంచైపోవోయ్. ఏ ధూళి రేణువో ఆసరా దొరకాలి. కంప్యూటర్లేమో చలి సోకితే చాలు, మేఘమంతా గడ్డకట్టిందని లెక్కేసేత్తన్నాయి. భూమి ఎంత వేడెక్కుద్దో చెప్పే లెక్క అక్కడే తప్పుతోంది. దాన్ని సరిచేసేవి నీ పుస్తకాలే," అనేవారు.

ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చిపడింది. అచ్చిబాబు గారు కారులో జోర్డాన్ దారి పడదామనుకున్నారు. "పుస్తకాలు ల్యాబులో ఉండిపోయాయి. తెచ్చావంటే వెనక సీటు నీదే. పాస్‌పోర్టు నాకిచ్చెయ్, సరిహద్దులో అన్నీ కలిపి చూపిద్దాం," అన్నారు. గంగాధర రెండు చేతులా ఇచ్చేశాడు. గదిలోని అస్లాం సరిహద్దుకు పోయే లారీలో చోటుందని పిలిస్తే, "మా సార్ పిల్చుకపోతాడులే, నువ్వు పో," అన్నాడు.

బియ్యం సంచి అడుగున దాచి, మూడు రోజుల్లో పదకొండు పుస్తకాలూ అబూ హలీఫాలోని సార్ ఫ్లాటుకు చేర్చాడు. రెండుసార్లు సైనికులు సంచి విప్పించారు. ఆఖరి రోజు పాస్‌పోర్టు సంగతి నోటిదాకా వచ్చింది. అడిగితే పెద్దమనిషిని అనుమానించినట్టు ఉంటుందని మింగేశాడు. ఎంత తెలివితక్కువతనం!

"రేపు పొద్దున్నే వచ్చెయ్," అన్నారు సార్.

తెల్లవారగానే వెళ్ళాడు. తలుపుకు తాళం. అక్కడ కాపలా ఉండే సీమ మనిషి అల్లాబకష్ మెట్లు ఊడుస్తున్నాడు.

"నిన్న నువ్వట్ల పోయినావు, ఆయన ఇట్ల బయల్దేరినాడు."

"వెనక సీట్లో ఎవరున్న్యారు భాయ్?"

"మనుషులెవరూ లేరు. నువ్వు తెచ్చిన పుస్తకాలే. ఎండ తగలకుండా దుప్పటి గూడ కప్పినాడు."

"నా పాస్‌పోర్టు ఇచ్చిపోయినాడా?"

అల్లాబకష్ తల అడ్డంగా ఊపాడు. అది లేనిదే సరిహద్దు దాటనివ్వరు. అస్లాం లారీ వెళ్ళి రెండు రోజులైంది. నమ్మించి గొంతు కోశాడు, అదీ మన తెలుగువాడు.

"గాబరాలో మర్చిపోయింటాడేమోలే," అన్నాడు అల్లాబకష్.

"మర్చిపోయే మనిషి కాదు భాయ్. పదకొండు పుస్తకాల్లో ఒక్కటి గూడ మర్చిపోలేదు."