మా అత్త వాక్యం చెప్పిన మందిరం

మా మందిరానికి నలభై ఏళ్ళు నిండుతున్నాయని, సంఘ చరిత్ర పుస్తకంగా రాసిపెట్టమని నన్నడిగారు. అంగన్‌వాడీలో పనిచేసినదాన్ని, నాలుగు అక్షరాలు వచ్చినదాన్ని, పైగా మొదట్నుంచీ ఉన్నదాన్ని. అడిగింది ఇప్పటి పాస్టరయ్య. మా మొదటి పాస్టరయ్య కొడుకే ఆయన. ఆ రోజే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. పొగిడితే పొంగిపోయే రకం నేను.

పత్తికొండ పక్కనున్న ఈ ఊరికి నేను కోడలిగా వచ్చేనాటికి మావాళ్ళకు మందిరం లేదు. ఉన్నది పదకొండు ఇళ్ళు. పెద్ద సంఘం అయ్యగారు టౌను నుంచి నెలకొకసారి వచ్చి, రొట్టె, ద్రాక్షరసం ఇచ్చి, కోడికూర తిని వెళ్ళేవారు. మిగతా ఆదివారాలు మా అత్త వాక్యం చెప్పేది. మా ఇంటి నాపరాళ్ళ వసారాలో, కొంగు నడుముకు చెక్కుకుని, నిలబడి. ఆమెకు చదువు రాదు. రోజూ పొద్దున్నే పొయ్యి దగ్గర నేను బైబిలు చదువుతుంటే వినేది. "ఇంగొగసారి సదువు" అనేది. రెండుసార్లు వింటే చాలు, ఆదివారానికి అది ఆమె సొంత మాటయ్యేది.

ఎండలో బావికి నీళ్ళకొచ్చిన ఆడమనిషి కథ ఆమె చెబుతుంటే, టమోటా కోతకు పోయే మా ఆడవాళ్ళు ఆ బావి మా ఊరి చివరే ఉందనుకునేవాళ్ళు. "మిట్టమద్దేనం నీళ్ళకు ఎందుకొచ్చిందనుకుంటాండారు? పొద్దున పోతే పదిమంది పది మాటలంటారని. మనకు తెల్దా?" అనేది. తెలియకపోవడమేం, అందరికీ తెలుసు. కొందరు కొంగుతో కళ్ళు ఒత్తుకునేవాళ్ళు.

సంగతి అయ్యగారి చెవిన పడింది. ఆయన వచ్చి అందరి ముందూ చెప్పారు, ఆడమనిషి లేచి వాక్యం చెప్పడం కుదరదు, కూర్చుని పాటలు పాడుకోవచ్చు అని. మా అత్త తలొంచుకుంది. లేచి మాట్లాడింది మా మామ. ఆయన అన్ని మాటలు ఒకేసారి మాట్లాడ్డం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

"నువ్వు నెలకొగ దినం వచ్చేటోనివి. బిడ్డకు జరమొస్తే ప్రార్థన జేసేది ఆ యమ్మ. సచ్చిపోతే గుంతకాడ నిలబడేది ఆ యమ్మ. ఆ యమ్మ నోరు మూసుకోవాలంటే నువ్వు ఈడికి రావాకయ్యా."

పదకొండు ఇళ్ళూ ఆయన వైపే నిలబడ్డాయి. అట్లా మేము ఏ పెద్ద సంఘానికీ చెందనివాళ్ళమయ్యాం. స్వతంత్ర సంఘం అని ఇప్పుడు బోర్డు మీద గొప్పగా రాసుకున్నాం. ఆ స్వతంత్రం వెనకున్నది ఒక్కటే, మా అత్త నోరు మూయించడానికి మావాళ్ళు ఒప్పుకోకపోవడం.

ఆ రోజుల్లోనే ఆమె నన్ను పిలిచి, బొగ్గుముక్క చేతికిచ్చి, వసారా బండమీద తన పేరు రాయమంది. మూడక్షరాలు. "అన్నీ నాకెందుకు, ఇదొగటి సాలు" అంది. పదిరోజులు దాని మీదే దిద్దింది. తర్వాత కోతలు వచ్చిపడ్డాయి, నేను ఆ సంగతే మరిచిపోయాను.

మందిరం కట్టుకున్నాక, పెండ్లిళ్ళకూ బాప్తిస్మాలకూ ఒక పాస్టరు ఉండాలనుకుని కడప వైపు నుంచి ఒకాయన్ను పిలుచుకొచ్చుకున్నాం. ఆయన ఇల్లు గడవడానికి పిడికెడు గింజల పద్ధతి పెట్టింది కూడా మా అత్తే. ఎసట్లో పోసేముందు ప్రతి ఇంట్లో ఆడమనిషి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయాలి, ఆదివారం మందిరానికి తేవాలి. ఆ గింజలతో పాస్టరయ్య పొయ్యి వెలిగింది, పిల్లలు పెరిగారు. ఏడాది తిరక్కముందే ఆయన మర్యాదగా, నవ్వుతూ చెప్పాడు, అమ్మ పెద్దదయింది, ఇక స్త్రీల కూడికలో సాక్ష్యం చెబితే చాలని. అప్పటికి మా అత్తకు నలభై రెండో మూడో.

ఈసారి ఎవరూ లేవలేదు. మా మామ అప్పటికే పోయాడు. నేనూ లేవలేదు. చంకలో బిడ్డ ఉంది, అంగన్‌వాడీ పనికి నా గురించి చెప్పిపెట్టింది ఆ పాస్టరయ్యే. సాకులకేం, ఎన్నైనా దొరుకుతాయి.

ఇన్నేళ్ళకు చరిత్ర రాయమంటే ఇవన్నీ రాశాను. వసారా, మా మామ మాటలు, పిడికెడు గింజలు. ఎనభై దాటిన మా అత్త మంచం మీద కూర్చుని రోజూ అడిగేది, "నా పేరు రాస్తివా?" అని. రాశానంటే మళ్ళీ అనేది, "నేను పోతే ఆ మాట జెప్పేటోళ్ళు ఉండరమ్మా. పుస్తకంలో ఉంటే ఉంటాది." తన కోసం ఆమె అడిగింది నాకు తెలిసి అదొక్కటే.

పాస్టరయ్య కాగితాలు చదివాడు. "శానా బాగా రాసినావక్కా" అంటూనే పెన్ను తీసి కొట్టేశాడు. పెద్ద సంఘంతో పాత గొడవలు ఇప్పుడెందుకన్నాడు. ఆడవాళ్ళు వాక్యం చెప్పారని రాస్తే బయటి పాస్టర్లు ఏమనుకుంటారన్నాడు. చివరికి మిగిలింది ఇది. ఆయన తండ్రి దర్శనం పొంది ఈ ఎండిన నేలకు వచ్చి సంఘాన్ని స్థాపించారు, కొందరు సహోదరీలు ప్రార్థనలతో సహకరించారు. అట్టమీద రాసింది నేనని నా పేరు. నాకు కడుపు మండింది. మండి ఏం చేశాను? అచ్చుతప్పులు దిద్ది ఇచ్చాను.

నలభై ఏళ్ళ పండగ రోజు షామియానా వేశారు. మా అత్త తెల్లచీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. పుస్తకం చేతికి రాగానే నా వైపు తిరిగింది.

"నా పేరు యాడుండాదమ్మా?"

మూడో పేజీ తిప్పి ఆమె వేలు పట్టుకుని ఒక వరస మీద పెట్టాను. "ఈడుండాది అత్తా" అన్నాను. అది షామియానా, కుర్చీలు ఇచ్చినవాళ్ళకు వందనాలు చెప్పిన వరస. చదువు రాని మనిషి కదా అనుకున్నాను. ఆమె వేలు ఆ వరస మీద ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళి ఆగింది. పుస్తకం మూసి ఒడిలో పెట్టుకుంది.

కాసేపటికి ఆమెను వేదిక మీదికి పిలిచారు. మన సంఘంలో అందరికన్నా పెద్దామె అని చెప్పి శాలువా కప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. మైకు మాత్రం ఇవ్వలేదు.

ఇంటికొచ్చాక వసారాలో కూర్చుండిపోయింది. అన్నం పళ్ళెం తీసుకుని వెళ్తే, బండమీద బొగ్గుతో మూడక్షరాలు రాసి ఉన్నాయి. వంకరగా ఉన్నా తప్పు లేదు.

"ఇదే గదమ్మా నా పేరు? నువ్వే గదా నేర్పిస్తివి. నువ్వు సూపిచ్చిన కాడ ఇది ల్యాదు."

ఆమెకు కోపం రాలేదు, వచ్చినా నాకు బాగుండేది.

"వాళ్ళు నన్ను మాట్లాడొద్దనిరి, అంతే. నాకు అబద్ధం జెప్పింది నువ్వొగదానివే" అంది.

మరుసటి రోజు పొద్దున్నే, నలభై ఏళ్ళకు పైగా ఒక్కరోజూ తప్పని అలవాటు కొద్దీ, పొయ్యి దగ్గర వాక్యం చదవడానికి కూర్చున్నాను. మా అత్త వద్దని చెయ్యి ఊపింది.