ఆత్మకూరు బస్టాండులో నా మూర

నేను వంటగదుల అలమరాలు చేయించే మనిషిని. మిల్లీమీటరు తేడా వచ్చినా నాకు నిద్రపట్టదు. కర్నూలులో అక్క ఇంటికి పోతుంటే బస్సు ఆత్మకూరులో ఆగింది. కిటికీ దగ్గరికి వచ్చిన పూలామెను అలవాటుగా అర మీటరు మల్లెలు ఇమ్మన్నాను.

“మీటర్లు గుడ్డలంగడిలో అడుగప్పా, ఈడ మూరలే” అంటూ ఆమె మోచేతి నుంచి వేలికొస దాకా దండ సాచింది. మనిషి పొట్టి, మూర ఇంకా పొట్టి.

“మూరంటే ఎన్ని సెంటీమీటర్లు?” అని నిలదీశాను.

నా పక్కసీటు అవ్వకు ఓపిక పోయింది. నా చెయ్యి పట్టుకుని కిటికీలోంచి బయటికి తోసింది. “ఈయప్ప పూలు ఈయప్ప చేత్తోనే కొలువు!”

నేను ఆరడుగుల పైనే ఉంటాను. దండ సాగుతూనే ఉంది. అది చూసి వెనక సీట్లలోని ఆడవాళ్ళంతా లేచారు. “నాకూ ఆయప్ప మూరే!” బస్సు కదిలేదాకా నా చెయ్యి బయటే ఉంది, నా కొలతల టేపు సంచిలోనే ఉంది.

ఖాళీ బుట్ట ఎత్తుకుంటూ పూలామె నన్ను కోపంగా చూడబోయి నవ్వేసింది.

“మళ్ళా వస్తే ఆ పక్క కిటికీ కాడ కూసోప్పా. ఆడ జామకాయలమ్ముతారు. వాళ్ళకు నీ చెయ్యితో పన్లేదు!”