ఏదీ తనది కాదనే నరసింగరావు మావ

మా నరసింగరావు మావ నోట్లోంచి ఏ మాట వచ్చినా, నోట్లోకి ఏ ముద్ద పోయినా, అది ఎవరిదో చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆయనకి అరగదు.

వంకాయ కూర తింటాడు. "కాయలు దాలయ్య పెరట్లోవి, కారం మా వదినది, వండింది మీ అత్త నీలవేణి. ఇందులో నాదేటీ లేదొరే." తినడం మాత్రం ఆయనదే, అదీ మూడోసారి వడ్డించుకుని. జోకు చెప్పేముందు, అది చీపురుపల్లి స్టేషన్లో తనకి చెప్పినాయన ఊరూ పేరూ ఏకరువు పెడతాడు. ఈలోగా వినేవాడి బండి వచ్చేస్తుంది. ఓసారి తుమ్మి, "ఈ జలుబు నాది కాదు, ఈశ్వరిది" అన్నాడు. పక్కింటి ఈశ్వరి చాన్నాళ్లు మా గుమ్మం తొక్కలేదు.

పక్కవాడి పనికి తన పేరు అంటించుకుని పైకొచ్చిన పెద్దమనుషులే సాలూరు బజారు నిండా. ఆ బజార్లోనే ఈయన లారీ ఆఫీసు. నేనక్కడ గుమాస్తాని, నా ఖర్మ.

ఏ లారీ ఎక్కడుందో, ఏ దారిన పోతే మేలో చూపించే సాఫ్ట్‌వేర్ కోసం బయటి మనిషికి పని అప్పజెప్పాం. ఆ మనిషి సుహాసిని, ఎచ్చెర్లలో అప్పుడే చదువు ముగించిన పిల్ల. ఆ పిల్లకి అదే మొదటి పని.

"ఏటమ్మా, ఇందులో నీ సొంతమేది, బయట తెచ్చుకున్నదేది?" అన్నాడు మావ.

తెచ్చుకున్నానంటే పని పోతుందని హడలిపోయి, "అంతా నాదేనండి" అంది పిల్ల.

ఇంకేం! "సాఫ్ట్‌వేర్ నాది కాదు, సుహాసినిది" అని మావ ఊరంతా టముకేశాడు. అది విశాఖలో ఓ కంపెనీ చెవిన పడింది. సాఫ్ట్‌వేర్ కొంటాం, పిల్లకి ఉద్యోగమూ ఇస్తాం అన్నారు.

ముందు వాళ్ల లాయరు దుర్గాభవాని గారు అంతా పరీక్షించడానికి వచ్చారు. "టీ నాది కాదండి, ఎదురు కొట్టు జగ్గమ్మది" అని మావ గ్లాసు అందించాడు. ఆవిడ నవ్వలేదు. లాప్‌టాప్ మా వైపు తిప్పారు.

"దారి చూపించే భాగం ఓపెన్ సోర్స్. ఎవరో రాసి అందరికీ ఉచితంగా వదిలిన కోడ్. వాడుకోవచ్చు. కాని రాసినవాళ్ల పేర్లూ, లైసెన్సు షరతులూ తీసేయకూడదు. దీని షరతు ప్రకారం, మార్చి ఇంకొకరికి ఇస్తే మార్చిన కోడూ వాళ్లకి ఇవ్వాలి. ఇక్కడ పేర్లన్నీ చెరిపేశారు. ఎవరి పని? సుహాసినిదైతే ఉద్యోగం మాట మరిచిపోండి."

సుహాసిని మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను మావ వైపు చూశాను. తుమ్ముకే సొంతదారుని వెతికే మనిషి! పిల్ల పని అయిపోయిందనుకున్నాను.

"నాదే," అన్నాడు మావ.

ఆయన దేన్నయినా తనదనడం నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

"నానే తీసీమన్నాను. ఈ పేర్లన్నీ ఎందుకమ్మా, అడ్డమన్నాను. పిల్లకేటి తెలుసు?"

కోడ్ తలా తోకా తెలియని మహానుభావుడు! దుర్గాభవాని గారు టీ గ్లాసు వైపోసారి, ఆయన వైపోసారి చూశారు. రవ్వంతైనా నమ్మలేదు.

"పేర్లూ లైసెన్సూ మళ్లీ పెట్టించండి. మేం ఎవరికి ఇచ్చినా కోడ్‌తో సహా ఇస్తాం," అని లేచారు. "అమ్మాయి సోమవారం చేరొచ్చు."

సుహాసిని కళ్లు తుడుచుకుంటూనే పేర్లు తిరిగి పెట్టింది. నోరు తిరగని ఆ విదేశీ పేర్లన్నీ మావ పక్కనే కూర్చుని చదివించుకున్నాడు.

అందరూ వెళ్లాక నిలదీశాను. "మావా, అంత నిబ్బరంగా అబద్ధమాడడం ఎక్కడ నేర్చావు?"

"అబద్ధం నాది కాదొరే, మీ అత్తది. పెళ్లయిన కొత్తల్లో ఊరగాయ జాడీ నాను పగలగొడితే, 'నా సేతిలోదే జారిపోనాదత్తా' అని మా అమ్మ సేత తిట్లన్నీ తనే తినీసింది."

మరిచిపోయిందేదో గుర్తొచ్చినట్టు అన్నాడు:

"జాడీ మా మేనత్తది."